కోటు మీది బిళ్ల

చర్చిలో బీన్సు విందు జరుగుతుండగానే వెండెల్, సెనేటర్ అయిన తన అక్క లొరెయిన్ కోటు మీది పార్టీ బిళ్లను పీకి బల్ల మీదికి విసిరాడు.

"సభలో మీ పార్టీ వాళ్లకే ఎదురు ఓటేస్తావు. మళ్లీ ఆ కొంపలోనే పడుంటావా? సిగ్గులేదూ!"

"పార్టీ వదిలితే నా కమిటీ అధ్యక్ష పదవి ఆ పూటే మా పార్టీ ప్రూయిట్‌కి పోతుందిరా. మన ఊరి ఆసుపత్రిలో డయాలిసిస్ గది మూసేసే బిల్లు నేను కమిటీలో పెట్టకపోబట్టే చర్చకి రాలేదు. వాడైతే మొదట దాన్నే చర్చకి పెడతాడు."

"బెదిరిస్తున్నావా?"

"బతిమాలుతున్నాను."

ఎదురుగా కూర్చున్న వెండెల్ భార్య ఒడెట్, డయాలిసిస్ సూదులకు కమిలిన చేతిని శాలువా కిందికి లాక్కుంది.

వెండెల్ ఆ శాలువా వైపు చూశాడు. తరువాత బిళ్లను తీసుకుని, అక్క కోటుకు తిరిగి గుచ్చసాగాడు.

"కదలకక్కా," అన్నాడు. "ఊడిపోకుండా పెట్టనీ."