నలభై కార్డులు

"బిడ్డా, ఈ నూనె ప్యాకెట్ మీద ఎంత ధర ఉన్నదో జర సదువు."

స్వప్న తల ఎత్తలేదు. కౌంటర్ ముందున్న ఒక సారు ఫోన్ నంబరు చెబుతుంటే కంప్యూటర్‌లో కొడుతోంది. ఒక్క అంకె తప్పినా షాపు మెంబర్‌షిప్ కార్డు లెక్కలోకి రాదు.

సారు వెళ్లాక ప్యాకెట్ అందుకుంది.

"నూట నలభై రెండు."

"కందిపప్పు?"

"దాని మీదే రాసుంది కదా అవ్వా."

"సదువొస్తే నిన్నెందుకు అడుగుత?" అని నవ్వింది ముసలామె.

ఆమె పేరు జమ్లీ. చివ్వెంల అవతలి తండా నుంచి ప్రతి సోమవారం పొద్దున్నే సూర్యాపేట బస్సు ఎక్కుతుంది. ఆడవాళ్లకు టికెట్ లేని ప్రయాణమాయె, వారం తప్పదు. స్వప్న పనిచేసే ఈ నిత్య బజార్ షాపంతా నిదానంగా ఒక చుట్టు తిరుగుతుంది. నూనె, పప్పు, సబ్బులు, చాయ్‌పత్తా అన్నీ పట్టి చూసి ధరలు చదివించుకుంటుంది. నాలుగు బియ్యపు గింజలు నోట్లో వేసుకుని నములుతుంది.

ఏమీ కొనదు.

"అవ్వా, ఉత్తగ చూసుడేనా? ఒక కార్డన్నా చేయించుకో. నీ నంబరు చెప్పు," అంది స్వప్న.

"నాకు ఫోనేడిది బిడ్డా?"

స్వప్నకు ఆమెతో పని తీరిపోయింది.

రోడ్డుకు అవతల కొత్త షాపు తెరిచి రెండు నెలలు. ఇక్కడ చక్కెర మీద రెండు రూపాయలు తగ్గిస్తే, తెల్లారేసరికి అక్కడ మూడు తగ్గుతుంది. ఇక్కడ బకెట్ ఉచితమంటే అక్కడ బకెట్‌తో పాటు మగ్గు. పోటీ తట్టుకోవడానికి హెడ్డాఫీసు ఒక ఉపాయం కనిపెట్టింది. బిల్లింగ్‌లో కూర్చునే ఒక్కో అమ్మాయి నెలాఖరులోగా నలభై మంది కొత్తవాళ్ల చేత కార్డులు చేయించాలి.

"చెయ్యనోళ్లు ఒకటో తారీకు సంది రావొద్దట," అని మేనేజరు కృపాకర్ ముందే చెప్పేశాడు. "మిర్యాలగూడల మన బ్రాంచి ఎట్ల మూతపడ్డదో ఎరుకే కదా."

ఎరుకే. పద్నాలుగు నెలల కొడుకును తల్లి జానమ్మ ఒళ్లో పెట్టి వస్తున్న స్వప్నకు మరీ ఎరుక. ఇంటి కిరాయి, పిల్లవాడి పాలు, అన్నీ ఈ జీతంలోంచే.

జమ్లీ మెట్లు దిగింది. రోడ్డు దాటి నేరుగా ఎదుటి షాపులోకి నడిచింది.

అద్దాల తలుపు వెనక నుంచి కృపాకర్ చూశాడు.

మర్నాడు అక్కడ నూనె నూట నలభై అయింది.

"చూసినవా? ఎదురోళ్ల మనిషి ఆమె! మన ధరలు మోసుకపోతున్నది."

"ఆమెకు సదువు రాదు సార్."

"అందుకే నీతోని సదివిస్తున్నది! హెడ్డాఫీసుకు తెలిస్తే నా నౌకరీ, నీ నౌకరీ రెండూ ఖతం. మల్ల సోమవారం లోపటికి రానియ్యకు. నువ్వే చెప్పాలె."

సోమవారం వచ్చింది. జమ్లీ కూడా వచ్చింది.

స్వప్న తలుపు దగ్గరే అడ్డం నిలబడింది.

"అవ్వా, కొనేదుంటే రా. లేకుంటే రావొద్దు."

"ఇయ్యాల సూసుడే బిడ్డా. కొనుడు ఇయ్యాల కాదు."

"సూసుడు బంద్. అసలు ఎవలు పంపితే వస్తున్నవ్ నువ్వు?"

జమ్లీ ఏదో చెప్పబోయింది. ఈలోగా లోపలి నుంచి కృపాకర్ అరిచాడు. "ఆమెతోని మాటలేంది స్వప్నా? పంపియ్యి!"

క్యూలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగి చూశారు.

"పోత తియ్, కోపం చెయ్యకు," అని జమ్లీ తలమీది ముసుగు సర్దుకుంది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

ఆమె రోడ్డు దాటిందో లేదో కూడా స్వప్న చూడలేదు. కౌంటర్ దగ్గర ఇంకో నంబరు దొరికేలా ఉంది.

నెలాఖరు ఆదివారం పడింది. మధ్యాహ్నానికి స్వప్న కార్డులు ముప్పై ఒకటి. తల్లికి ఫోన్ చేసి బాబు తిన్నాడా అని అడిగింది. తన తిండి సంగతి మరిచిపోయింది.

మూడు గంటలప్పుడు నాలుగు ట్రాలీ ఆటోలు వరసగా వచ్చి ఆగాయి. నిండా ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ మడత పెట్టిన ఖాళీ సంచులు.

కృపాకర్ కళ్లు మెరిశాయి. "ఉరుకు స్వప్నా! ఆడనే నంబర్లు రాసుకో. జల్దీ!"

స్వప్న కాగితాలు పట్టుకుని ఉరికింది. అప్పటికే సగం మంది ఎదుటి షాపు మెట్లెక్కారు. గుమ్మంలోని బల్ల దగ్గర, పసుపు చొక్కా అమ్మాయి తల ఎత్తకుండా నంబర్లు రాసుకుంటోంది. లోపల ఫ్యాను కింద కుర్చీలో ఎవరో కూర్చున్నారు. తలమీద ముసుగు కనబడుతోంది.

ముందు ఆటో డ్రైవరు బాల్యా బండికి ఆనుకుని చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, మా దాంట్ల ఇయ్యాల చక్కెర నాలుగు రూపాయలు తక్కువ. జర మా దిక్కు తోలుకరా అన్నా. అందరు వద్దు, తొమ్మిది మందైనా చాలు."

బాల్యా ఆమె యూనిఫాం చొక్కా వంక చూశాడు.

"నిత్య బజారా? మొన్న మా జమ్లీ యాడిని, మా తండాకు అమ్మసొంటిదాన్ని, గడప కాడికెల్లే ఎల్లగొట్టింది మీరే కదా?"

"ఆ ముసలమ్మనా?" స్వప్న ఫ్యాను కింది ముసుగు వైపు తిరిగి చూసింది. "ఆమెకూ వీళ్లకూ ఏం సంబంధం అన్నా?"

బాల్యా చివరి గుక్క తాగి కప్పు పక్కన పెట్టాడు.

"కూలి ఇడిసిపెట్టి అందరు ధరలు సూస్కుంట తిరగలేరు కదా చెల్లె. మా తండా అరవై ఇండ్లకు ఏ షాపుల సామాను కొనాల్నో, సోమవారం సోమవారం సూసొచ్చి చెప్పేది ఆమెనే."