దొర వాకిట్లో తిరుగలి

రామక్కాళ్ ఇంట్లో తిరుగలిని ఎవరో ఎత్తుకుపోయారు.

పిండి విసిరే రాయిని దొంగిలించే దొంగ కూడా ఉంటాడా అని ఊరంతా నోరు నొక్కుకుంది. కుంపిణీ వాళ్ళు వచ్చాక దొంగలకు కూడా రుచి చెడిందన్నారు కొందరు. రామక్కాళ్ మాత్రం కంటికీ మంటికీ ఏకధారగా ఏడ్చింది. అది ఆమెకు అత్త ఇచ్చిన తిరుగలి. ఆ అత్తకు వాళ్ళత్త ఇచ్చినది. వాళ్ళ ఇళ్ళలో అత్త చేతి తిరుగలి అంటే లక్ష్మి. ఎంత అరిగినా సరే, ఇంటివాళ్ళు తమ చేత్తో దాన్ని గడప దాటించకూడదు. అది ఉండగా ఇంకొకటి తేకూడదు.

ఆ అరుగుదల మామూలుది కాదు. గంట్లు కొట్టించి కొట్టించి పైరాయి పలచబడిపోయింది. దాని మీద సజ్జలు విసరలేక కోడలు కర్పగం అరచేతులు బొబ్బలెక్కాయి. "ఈ రాయి ఎప్పుడు పోతుందో" అని ఆ పిల్ల ఒకసారి బావి దగ్గర అననే అంది. ఇంకేం, అందరి వేళ్ళూ ఆమె వైపే తిరిగాయి. ఊరికూటం పెట్టి అడుగుతామని పెద్దలు ఇంటికి వచ్చి చెప్పారు. తప్పు ఆమెదేనని తేలితే పుట్టింటికి పంపేస్తారు.

ఆమె మొగుడు పెరియసామికి గుండెల్లో రాయి పడింది.

"నా కోడల్ని ఒక్క మాట అంటే ఊరుకోను," అని రామక్కాళ్ పెద్దల మీదికి లేచింది. కొడుకు వైపు తిరిగి, "దారినపోయే దొంగ ఎవడో ఎత్తుకుపోయినాడు. పోయింది పోయింది. నువ్వు వెతకొద్దు నాయనా, కొత్తది తెచ్చి పెట్టు," అంది.

అంత దుఃఖంలోనూ కోడలిని వెనకేసుకొస్తున్న తల్లిని చూసి పెరియసామి కళ్ళు చెమర్చాయి. ఆ తిరుగలి తెచ్చి అమ్మ ముందు పెట్టాలి, పెళ్ళాం మీద పడ్డ మచ్చ చెరపాలి. కాళ్ళకు బలపం కట్టుకుని ఉడుమలైపేట చుట్టుపక్కల సంతలన్నీ తిరిగాడు.

చివరికి అది కొండ కింద, ఒక దొర కట్టుకున్న చిన్న కొయ్య ఇంటి ముందు కనబడింది. వేటకు వచ్చినప్పుడల్లా ఆ దొర అక్కడే దిగుతాడు. ఆరుబయట కూర్చోవడానికి ఇంటి ముందు రాళ్ళు పరిపించుకుంటున్నాడు. నట్టనడుమ, తేనీటి గిన్నె పెట్టుకునే బల్లలాగా, ఆ తిరుగలిని పెట్టించాడు.

"అది మాది సామీ. ఎవురు అమ్మినారు?" అన్నాడు పెరియసామి.

"ఎవడో బండివాడు. మొహం ఎవురు చూసినారు?" దొరగారి దుబాసీ రామచంద్రన్ గొంతు తగ్గించాడు. "దొరకి దాని మీద శానా ఆశ. ఊరికే ఇయ్యడు. ఒకటి చెప్తాను విను. ఈ చెక్కిన రాళ్ళు ఆయనకి నచ్చలా. నున్నగా ఉండాయంట. మన పల్లె వాకిలి మాదిరి కావాలంట. అట్ల చేసిస్తే నీ రాయి నీకు ఇప్పిస్తాను."

పెరియసామికి మతిపోయింది. మేడలో ఉండాల్సిన మనిషికి పల్లెటూరి వాకిలి మీద మోజేమిటి? అయినా నడుం బిగించాడు. చెక్కిన రాళ్ళన్నీ పెరికేశాడు. వాగులోంచి ఎగుడుదిగుడు బండలు మోసుకొచ్చి పరిచాడు. సందుల్లో గరిక నాటాడు. కూర్చోవడానికి చుట్టూ రాయీ మట్టీ కలిపి పొట్టి గోడ కట్టాడు. చలిమంటకు ఓ మూల గుంట తవ్వాడు. తన పత్తి చేలో కలుపు మోకాలెత్తు పెరుగుతున్నా అక్కణ్ణుంచి కదల్లేదు.

దొర మురిసిపోయి తిరుగలి ఇచ్చి పంపాడు.

పెరియసామి దాన్ని బండిలో వేసుకుని నడివీధిలో ఛాతీ విరుచుకుని తోలుకొచ్చాడు. ఎవడో బండివాడు అంతదూరం తీసుకెళ్ళి అమ్మాడని తెలిసి పెద్దలు నోళ్ళు మూసుకున్నారు. లక్ష్మి ఇంటికి వచ్చేసింది, ఇక కూటం ఎందుకన్నారు. కర్పగం గండం గడిచింది. రామక్కాళ్ మాత్రం తిరుగలిని చూడగానే వాకిట్లో కూలబడి మళ్ళీ బావురుమంది. సంతోషం పట్టలేకపోతోంది కాబోలు అనుకున్నాడు కొడుకు.

దీపాలు పెట్టే వేళకు ఎద్దులకు చొప్ప వేద్దామని కొట్టంలోకి వెళ్ళాడు. గోడకు అవతల తల్లి గొంతు వినబడింది. సందులోంచి చూస్తే, ఆమె ఎదుట పక్కవీధి బండివాడు పళనివేల్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఆ పిల్ల చేతులు చూడలేక కదా నీకు చెప్పినాను, ఇంత దగ్గర అమ్మితే ఎట్ల? ఈ తూరి మదుర దాటించు."