రెండు బిస్కెట్లు

ప్లేటులోంచి రెండు బిస్కెట్లు తీసి, చేతిరుమాల్లో చుట్టి, చొక్కా జేబులో వేసుకున్నాడు ఆ పెద్దమనిషి.

అక్క చూడనే చూసింది. ఇవాళ కొత్త కాదు, ఆర్నెల్లుగా ప్రతి శనివారం ఇదే వరస.

ఆమె సొంత పేరు ఆ గదిలో ఎవరికీ పట్టదు. అందరికీ అక్కే. తమ్ముడికి మనసు బాగోక ఇల్లంతా అతలాకుతలమైన రోజుల్లో, ఎవర్ని అడగాలో ఎక్కడికి పోవాలో తెలియక ఆమె పడని అగచాట్లు లేవు. అవి ఇంకొకరు పడకూడదని లైబ్రరీ మేడమీద గది అడిగి పుచ్చుకుని ఈ మీటింగు పెట్టింది. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్ళంతా వస్తారు. ఏ డాక్టరు విసుక్కోకుండా వింటాడో, వికలాంగుల సర్టిఫికెట్టుకి ఏ కిటికీ దగ్గర నిలబడాలో ఒకరికొకరు చెప్పుకుంటారు. కాసేపు ఏడుస్తారు. టీ తాగి వెళ్తారు.

ఈయన మాత్రం చెప్పడు, ఏడవడు. చివరి కుర్చీలో కూర్చుని అందరివీ వింటాడు. మీటింగు ఇంకో పావుగంటలో ముగుస్తుందనగా మెట్లు దిగి వెళ్ళిపోతాడు. వెనకాల అందరూ 'బిస్కెట్ల బాబాయ్' అని నవ్వుకునేవారు.

పోనీ రిజిస్టరైనా సరిగా రాస్తాడా అంటే అదీ లేదు. 'పేషెంటు' గడిలోనూ, 'వెంట వచ్చిన బంధువు' గడిలోనూ ఒకటే పేరు. అక్క వేలుపెట్టి చూపించి మరీ చెప్పింది. బుద్ధిగా తలూపి, మళ్ళీ వారం మళ్ళీ అలాగే రాశాడు.

ఆ రోజు మీటింగుకి వచ్చే టీచరమ్మ ఒకావిడ అక్కని పక్కకి పిలిచింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలిసీ ఇక్కడ మనం చెప్పుకుంటున్నాం, ఈయన ఇవన్నీ విని ఎక్కడ మోస్తాడో ఏమో అని గొణిగింది.

అక్కకి చిర్రెత్తుకొచ్చింది. మెట్ల దగ్గర ఆయన్ని ఆపేసింది.

"మీ ఇంట్లో ఎవరికండీ బాగాలేదు?"

"రాశాను కదమ్మా."

"రెండు గళ్ళలో ఒకే పేరు రాస్తే నాకేం అర్థమవుతుంది? ఇది బాధల్లో ఉన్నవాళ్ళ కోసం పెట్టుకున్నదండీ. పొద్దుపోకా, బిస్కెట్ల కోసమూ వచ్చే చోటు కాదు."

గదిలో అందరూ విన్నారు.

ఆయన వెనక్కి వచ్చి, రుమాలు విప్పి, రెండు బిస్కెట్లూ ప్లేటులో పెట్టేశాడు. తను కూర్చున్న కుర్చీ వరసలోకి సర్దాడు. వెళ్ళిపోయాడు.

పై శనివారం రాలేదు. ఆ పైవారమూ రాలేదు. పీడా పోయింది అనుకుంది అక్క.

మూడో వారం తమ్ముడి దిండు గలీబు ఉతుకుదామని దులిపితే, మాత్రలు జలజలా నేల మీద రాలాయి.

అక్క ఒక్కొక్కటే ఏరి లెక్కపెట్టింది. ఆర్నెల్లుగా అడగకుండానే వేసుకుంటున్నాడని, అంతా తన ఓపిక చలవేనని మీటింగులో ఎన్నిసార్లు చెప్పుకుందో. మళ్ళీ ఆ రోజులొస్తే? మళ్ళీ తలుపులు బద్దలుకొట్టడాలు, మళ్ళీ ఆసుపత్రి వరండాలు?

ఎందుకు మానేశావురా అని బతిమాలింది. తమ్ముడు దిండు ఒళ్ళోకి లాక్కున్నాడు.

"బాబాయ్ రావట్లేదుగా."

"ఏ బాబాయ్?"

"బిస్కెట్ల బాబాయ్."

తమ్ముడు నలుగురిలో కూర్చోలేడు. ఆమె మీటింగులో ఉన్నంతసేపూ కింద మెట్ల మీదే ఉంటాడు. పావుగంట ముందు ఆయన దిగి వచ్చి పక్కన కూర్చునేవాడట. ఉత్త కడుపున మాత్ర పడదని వీడికొక బిస్కెట్టు ఇచ్చి, తనొకటి తినేవాడట. వీడి మాత్ర వీడు, ఆయన మాత్ర ఆయన, ఒక్కసారే మింగేవారట.

"మిగతా రోజులు పదింటికి ఆయనక్కడ వేసుకుంటాడు, నేనిక్కడ వేసుకుంటాను. శనివారం ఒకరికొకరం చెప్పుకుంటాం. అదీ ఒప్పందం. ఇప్పుడెవరికి చెప్పను?"

 కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని వాళ్ళమ్మ ఊరికే అనేది కాదు. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. ఆ పెద్దాయన ఏ బీపీ మాత్రో పట్టుకొచ్చి తన తమ్ముడికి తోడుగా మింగాడన్నమాట, ఆయన్ని తను దొంగని చేసి పంపింది. క్షమించమని అడగాలి. చెయ్యి పట్టుకుని అయినా వెనక్కి తీసుకురావాలి.

రిజిస్టరులో అడ్రసు చూసుకుని, కొత్త బిస్కెట్ల పొట్లం ఒకటి కొని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరింది.

మానసిక ఆసుపత్రి వెనక వీధిలో, ఆసుపత్రివాళ్ళే నడిపే పాత వసతి ఇల్లు. దండెం మీద ఒకే రంగు తువ్వాళ్ళు వరసగా ఆరుతున్నాయి. ఆ ఇల్లు చూసుకునే ఆవిడ, ఆయన పేరు వినగానే నిట్టూర్చింది.

"నిన్ననే ఆసుపత్రిలో చేర్చాం. శనివారాలు బయటికి వెళ్ళడం మానేసినప్పుడే మాత్రలూ మానేశాడు. మేం కనిపెట్టేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు ఎవర్నీ గుర్తుపట్టట్లేదు."

తమ్ముడు అక్క కొంగు గట్టిగా పట్టుకున్నాడు.

ఆయన ఇంట్లోవాళ్ళకి కబురు పెట్టారా అని అడిగింది అక్క.

ఆవిడ బల్ల సొరుగులోంచి పదకొండేళ్ళ కిందటి డిశ్చార్జి కాగితం తీసి ముందు పెట్టింది. రెండు గళ్ళు. రెండింట్లోనూ అదే పేరు, అదే గుండ్రటి రాత.

"నయమయ్యాక ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదమ్మా. తన వెంట తనే వచ్చాడు."