రాలిన ఆకు

ఆ ఊళ్లో చెట్లన్నీ ప్లాస్టిక్‌వే, ఊపిరంతా గాలిపెట్టెలదే. అందుకే గుమ్మం పక్క కుండీలో పెట్టిన కొత్త వేపమొక్క నుంచి పండుటాకు రాలితే, విరిగిందనుకుని ఏడేళ్ల హైమ జిగురుతో అతికించింది.

"విరగలేదు తల్లీ, రాలింది. మట్టిలో వెయ్యి. మొక్కకి అదే అన్నం," అంది నాయనమ్మ కామాక్షమ్మ.

హైమ భయపడుతూనే వేసింది. కొన్నాళ్లకి ఆ ఆకు కింద నల్లగా ఏదో కదిలింది.

"నాయనమ్మా, పురుగు! మందు కొట్టనా?"

"వద్దే! అది చీమ." ముసలామె కుండీ మీదకి వంగి చూసింది. చీమని చూసి ఎన్నేళ్లయిందో!

వాకిట్లో వెలుగుతున్న లైటు ముగ్గు ఆపేసి, గుప్పెడు బియ్యప్పిండి తెచ్చి చుక్క పెట్టింది.

"ముగ్గంటే అందానికే అనుకున్నావా? వీటికి మనం పెట్టే ముద్ద."

ఆ ఒంటరి చీమ ఇంకో చీమని వెంటబెట్టుకొస్తుందేమోనని ఇద్దరూ గుమ్మంలోనే కూర్చున్నారు.