మూగబోయిన బ్రేకు

"ఇంకా నిలబడ్డావేం? వెనకవాళ్ళంతా దాటిపోతున్నారు!" అన్నాడు, నీళ్ళసీసాతో కొండకొమ్మున కాచుకొని ఉన్న భర్త.

పొద్దుటి నుంచి సైకిలు పందెం దారంతా ఎక్కుడే కనుక ఆమెకు బ్రేకుతో పని పడలేదు. ఇప్పుడు రాళ్ళ దిగుడును చూడగానే గుండె జారిపోయింది. హెల్మెట్ పట్టీ ఎంత బిగించినా వదులుగానే తోచింది.

"ఈ దిగుడు నావల్ల కాదండీ."

"ఇంట్లో పులివి, ఇక్కడ పిల్లివా? ఊఁ, పద!"

సిగ్గుపడి పెడల్ మీద కాలు వేసింది. అయినా భయం వదలక, బ్రేకులు రెండూ ఒకసారి నొక్కి చూసింది. రోజూ వీధి వీధంతా వినబడేలా కీచుమనేవి కిక్కురుమనలేదు. సైకిలు మాత్రం ముందుకు జారింది. ఆమె కాలు నేలకు తన్నిపెట్టి ఆపింది.

"వీటికేమైంది?"

"గొడవ వదిలిందా?" అతడు మురిసిపోయాడు. "నిన్న నీకు చెప్పకుండా బ్రేకు పట్టి ఆపే చక్రాల డిస్కులకు నూనె పట్టించాను."

ఆమె అతని వేలు పట్టుకొని డిస్కు మీద రాసి, లోయవైపు చూపింది. జిడ్డువేలిని చూసుకొని అతడు పాలిపోయాడు.

"నేనే... నిన్ను పొమ్మన్నాను."

"పిల్లినయ్యాను గనక బతికానండీ."

ఇద్దరూ సైకిలును నడిపించుకుంటూ దిగారు. దారి చదునైన తరువాత కూడా అతడు సీటును వదలలేదు.