గంగమ్మకు తొలి మాత్ర

ఆఖరి మాత్రనైనా తనే మింగుదామని గంగరాజు తెప్ప మీద నోరు తెరిచాడు. చెయ్యి మాత్రం నోటి దాకా రాలేదు.

కళింగపట్నం ఒడ్డు మంచులో ఎప్పుడో కలిసిపోయింది. నీరెక్కడ ఆగిందో, ఆకాశమెక్కడ మొదలైందో తెలియడం లేదు. పొద్దున తిన్నాక వేసుకోమన్నారు ఆస్పత్రిలో. అతడు పొద్దున తినేది తెప్ప మీదే. తెప్ప మీద ఏది తిన్నా తొలి ముద్ద గంగమ్మకు వెయ్యాలి. అన్నమైతే ఒక ముద్ద వేసి మిగిలింది తినొచ్చు. రోజుకొక్కటే ఉండే మాత్రలో తొలిదేది, మలిదేది?

"నువ్వే తీసుకోయే తల్లీ," అని వదిలేశాడు.

తెల్లటి మాత్ర ఊగుతూ ఊగుతూ పచ్చటి నీళ్ళలోకి దిగిపోయింది. ఆర్నెల్లుగా అన్నీ అలాగే దిగిపోయాయి. అడుగున ఎక్కడో గంగమ్మ మందు పుచ్చుకుని పడుకున్నట్టూ, ఆ చలవ అలల మీదుగా తన కడుపులోకి వచ్చి చేరుతున్నట్టూ అనిపించేది. ఆ తియ్యటి మైకంలో వల సంగతి కూడా మర్చిపోయేవాడు.

ఎండెక్కేసరికి శ్రీకాకుళం ఆస్పత్రిలో, భార్య దాలమ్మ పక్కన కూర్చున్నాడు. గుండెజబ్బువాళ్ళకు నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర కాలేయంలోని కొవ్వును కూడా తగ్గిస్తుందేమోనని డాక్టర్ ఉమాశంకర్ పరీక్ష చేస్తున్నాడు. దానికి ఒప్పుకున్నవాళ్ళలో గంగరాజు ఒకడు.

"కొవ్వు బాగా తగ్గింది గంగరాజూ," అన్నాడు డాక్టర్, స్కాన్ చూసి.

దాలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా పుస్తెలు నిలబెట్టినారు బాబూ! మా తమ్ముడు పోతురాజుకీ ఈ మాత్రలే ఇయ్యండి. ఆడి కార్జం మరీ పాడైపోనాది. ఉన్న మందులన్నీ మానీసి ఇయ్యే మింగుతానంతన్నాడు."

గంగరాజు ఇరకాటంలో పడ్డాడు. చెబితే దాలమ్మ బతకనివ్వదు. చెప్పకపోతే బావమరిది బతకడు. నెత్తి మీద ఫ్యాను హోరు చెవుల్లో సముద్రంలా మోగింది.

"నాను ఒక్కటీ మింగనేదు బాబూ," అన్నాడు నేల చూస్తూ. "అన్నీ గంగమ్మకే ఎట్టీసినాను."

"ఓరి నాయనో! ఏటి మావా నువ్వన్నది?" దాలమ్మ లేచింది. "నూనెసుక్క ముట్టనీకుండా, కల్లు దుకానం గుమ్మం తొక్కనీకుండా నాను కాపలా కాస్తే, నువ్వు మాత్రలు నీళ్ళపాలు సేసినావా?"

డాక్టర్ తల పట్టుకున్నాడు. అంతలోనే నవ్వేశాడు.

"నీ కాపలాయే కొవ్వు తగ్గించినట్టుంది దాలమ్మా. మాత్ర సంగతి ఇంకా తేలలేదు. పోతురాజుని మందులు మానొద్దని చెప్పు." గంగరాజు వైపు తిరిగాడు. "మొదటి రోజే చెప్పాను కదయ్యా! సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి పిండి మాత్ర. ఎవరికేది వెళ్ళిందో రాసిన చీటీలు ఇవాళే తెరిచి చూశాం. నీకిచ్చింది పిండిదే. మింగకపోయినా నష్టమేమీ లేదు."

గంగరాజు మొహం పాలిపోయింది. చేతులు జోడించాడు.

"నష్టం నేదంతారేటి బాబూ! ఈ ఏడు మా వలకి సేప ఎందుకు పడనేదో ఇప్పుడు తెలిసినాది. ఆర్నెల్లూ ఆ యమ్మకి పిండి ఎట్టి, మందని నమ్మించినాను!"