మళ్లీ మాస్టారు

"మళ్లీ," అన్నాడు ఎదురుగా కూర్చున్న పెద్దాయన.

నర్సుకి ఒళ్లు మండిపోయింది. ఆ ఉదయం అది ఐదోసారి.

ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. ఇప్పటికి రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ అర మార్కు తేడాతో పోయింది. ఈసారీ పోతే విదేశీ రోగుల కొత్త వార్డు ఇన్‌చార్జి పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రిలో మొహం మీదే చెప్పేశారు.

పోయినసారి ఆమె బోర్లాపడింది సైకిల్ దగ్గర. 'మీరు వాడిన సైకిల్ గురించి చెప్పండి' అన్నారు. నోరు పెగల్లేదు.

అందుకే ఈ కోచింగ్ సెంటర్లో చేరింది. వాళ్లిచ్చిన నోట్సు రెండు పేజీలూ బట్టీ కొట్టింది. సైకిల్ పర్యావరణానికి మంచిది, గుండెకి మంచిది, ఇంధనం ఆదా చేస్తుంది. ఒక్క ముక్క పొల్లుపోకుండా ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పగలదు.

కానీ ఈయన కార్డు మీది ప్రశ్న చదువుతాడు, ఆమె మొహంలోకి చూస్తూ కూర్చుంటాడు, చివర్లో "మళ్లీ" అంటాడు. సెంటర్లో అందరూ ఆయన్ని మళ్లీ మాస్టారనే పిలుస్తారు.

"ఎక్కడ తప్పుందండీ?" నోట్సులో వెతుక్కుంటూ, తల వంచుకునే అడిగింది.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కింద వడ్రంగి షాపులో రంపం మిషన్ కీచుమని మొదలైంది. నర్సు చెవులు మూసుకుంది. మాస్టారు కనురెప్ప కూడా కదపలేదు.

'మనిషా, రాయా!' అనుకుంది.

రెండో రోజు ఆయన నోట్సు లాక్కుని సొరుగులో పెట్టేశాడు.

"అది తీసేసుకుంటే నేనేం చెప్పాలండీ, నా తలకాయ?"

"మళ్లీ."

మూడో రోజు ఆమె సహనం చచ్చిపోయింది. ఏమైతే అదైందని, వచ్చిన ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. కోపంగా.

నర్సింగు చివరి పరీక్ష రోజు. అన్నయ్య పాత సైకిల్. సగం దారిలో చైను ఊడింది. ఎక్కించేలోపు వెనక టైరు చూస్తే గాలి లేదు. ఎవరింట్లోనో పంపు అడిగి గాలి కొట్టింది. ఆ ముక్క ఇంగ్లీషులో ఎలా అనాలో తెలియక "ఐ బీట్ ద ఎయిర్" అంది, చేతులతో పంపు కొట్టి మరీ చూపించింది. తెల్ల యూనిఫాం నిండా నల్ల గ్రీజు. హాలు గుమ్మంలో వాచ్‌మన్, "మెకానిక్కుల పరీక్ష ఇక్కడ కాదమ్మా," అన్నాడు. ఆ చేతులతోనే జవాబులు రాసింది. కాగితం మీద వేలిముద్రలన్నీ పడ్డాయి.

చెప్పడం ఆపాక తెలిసింది, తనకి తెలిసినవే ఏడు తప్పులు.

మాస్టారు మొదటిసారి నవ్వాడు. కార్డు బోర్లించాడు.

"బాగుంది. ఇక వెళ్లు."

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. నేరుగా సెంటర్ నడిపే మేడం గదిలోకి వెళ్లింది.

"మేడం, నాకు ఆయన వద్దు."

"ఏమైందమ్మా?"

"తప్పుల్లేకుండా చెబితే మళ్లీ అంటారు. బుట్టెడు తప్పులు పోస్తే బాగుందంటారు! నా ఇన్‌చార్జి పోస్టు పోతుంది మేడం, ఆయనకేం?"

మేడం పెన్నుకి మూత పెట్టింది.

"ఆయన వద్దన్నవాళ్లలో మీరు నాలుగోవారు," అంది.

"చూశారా మరి!"

మర్నాడు ఆ కుర్చీలో టై కట్టుకున్న కుర్ర సార్ ఉన్నాడు. సొరుగులోంచి నోట్సు తీసిచ్చాడు. ప్రతి తప్పూ దిద్దాడు. నర్సు మళ్లీ పర్యావరణం దగ్గరికి వచ్చి పడింది.

పరీక్ష గదిలో చిన్న బల్ల, రెండు కుర్చీలు. పరీక్షకురాలు కార్డు ముందుకి జరిపింది. ఈసారీ సైకిలే. దాని మీద చేసిన ఒక ప్రయాణం గురించి చెప్పాలి.

నర్సు పర్యావరణంతో ఎత్తుకుంది. రెండో వాక్యానికే ఎదురుగా ఉన్నావిడ చూపు గోడ గడియారం మీదికి పోయింది.

ఎవరో "మళ్లీ" అన్నట్టయింది.

నర్సు ఆగింది. చైను ఊడిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. గాలి కొట్టే చోట మాట తట్టక, మళ్లీ చేతులే ఆడించింది.

పరీక్షకురాలు ముందుకి వంగింది. "తర్వాత ఏమైంది?" అని అడిగింది ఇంగ్లీషులో.

కావలసినదాని కంటే ఒక మార్కు ఎక్కువే వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని నర్సు పరుగున సెంటర్ మెట్లెక్కింది. మూల కుర్చీ ఖాళీగా ఉంది.

"మాస్టారు ఏరి మేడం?"

"మానేశారు. నలుగురు వద్దన్నాక, ఇంకా రమ్మని నేను మాత్రం ఎలా అంటాను?"

"ఎక్కడుంటారు?"

"కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఏ ఊరో నాకూ చెప్పలేదు."

నర్సు కాగితం మడత పెట్టింది, విప్పింది.

"మంచాయనే మేడం. కాకపోతే నేనేం అడిగినా వినిపించుకునేవారు కాదు. దాంతో నాకు చిరాకొచ్చేసింది."

మేడం ఆమె వైపు చూసింది.

"చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. ఇక దాచి ఏం లాభం? నాకు ఇంగ్లీషు నేర్పింది ఆయనే, ఆ మాట కాదనలేకపోయాను."

"అలాగా!"

"వినిపించుకోకపోవడం కాదమ్మా, ఆరేళ్లుగా ఆయనకి ఏమీ వినిపించదు, మీరు అప్పజెబుతున్నారో, మాట్లాడుతున్నారో మీ కళ్లు చూసే చెప్పేవారు."